తాత చెప్పులో తుమ్మముల్లు

"మా అక్క కూతురు డిగ్రీ కాగానే క్రైస్తవ మఠంలో సిస్టర్‌గా, అంటే సన్యాసినిగా చేరతానంటోంది. పేదలకు సేవ చేసే సిస్టర్ల జీవితం అసలెలా ఉంటుంది? ఒకసారి పోతే ఇక రానివ్వరా?" అని అడిగారు. మేం క్రైస్తవులం కాదు. కానీ చిన్నప్పుడు ఒక సిస్టరమ్మను నాలుగేళ్లు దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నా.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు పల్లె. మా తాతకు కుష్ఠు. ఊళ్లో పెద్దరోగం అనేవాళ్లు. ఏడాదిపాటు గోలీలు మింగాక రోగం పోయింది. కానీ అప్పటికే నరాలు దెబ్బతిని అరికాళ్లకు స్పర్శ లేకుండా అయింది. నిప్పు తొక్కినా తెలిసేది కాదు. పుండు మానేది, మళ్లీ పడేది. రోగం తగ్గిందన్నా పెళ్లి పంక్తిలో తాత పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు.

ప్రతి గురువారం సిస్టర్లు నడిపే దవాఖానకు తాతతో నేనే పోయేవాణ్ని. సిస్టరమ్మది కేరళ. మన మాట మాత్రం మనలాగే మాట్లాడేది. తాత కాళ్లు ఇరవై నిమిషాలు నీళ్ల తొట్టిలో నాననిచ్చి, గట్టిపడ్డ చర్మం రుద్ది, నూనె రాసి, పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందుల్లో చూసేది. ఒకరోజు తాత చెప్పు తీసుకుని లోపల తడిమింది. మెత్తటి రబ్బరులోంచి తుమ్మముల్లు పైకి పొడుచుకొచ్చి ఉంది. ఎన్ని రోజులుగా దాని మీదే నడుస్తున్నాడో! తాతను ఒక్క మాట అనలేదు. నా చేయి పట్టుకుని చెప్పులో పెట్టించి, "తాతకు సోయి లేదు బిడ్డా, రోజూ పొద్దున నువ్వే చూడాలె" అంది. తాత చనిపోయేదాకా చూశాను.

పొద్దున చీకటితోనే ప్రార్థన, పూజ, తర్వాత సాయంత్రం దాకా దవాఖాన, మళ్లీ జపమాల. వాళ్ల రోజు అంతే. సిస్టర్లు టీచర్‌గా, నర్సుగా చేసినా జీతం మఠానికే పోతుంది. మదర్ థెరిసా 1950లో కలకత్తాలో స్థాపించిన సిస్టర్ల సభలోనైతే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయతతో పాటు నిరుపేదలకు ఉచితంగా సేవ చేస్తామనే నాలుగో వ్రతం కూడా ఉంటుంది.

పెళ్లి, డబ్బు వదులుకోవడమే కష్టమని బయటివాళ్లం అనుకుంటాం. నా దృష్టిలో విధేయతే కష్టం. పైవాళ్లు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. ఒక గురువారం మేం పోయేసరికి ఆ పీట మీద వేరే సిస్టర్ ఉంది. సిస్టరమ్మకు ట్రాన్స్‌ఫర్ అయింది, రెండు రోజుల కిందటే వెళ్లిపోయింది. తాత ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. అట్లా ఆమె ఎన్ని ఊళ్లలో ఎంతమందిని విడిచిపోయిందో అని ఇప్పుడనిపిస్తుంది.

ఇక మీ టెన్షన్ సంగతి. చేరిన రోజే ఎవరినీ సిస్టర్ చేయరు. ముందు కొంతకాలం వాళ్లతో ఉండి చూడాలి. తర్వాత కనీసం ఏడాది నోవిషియేట్, అంటే వ్రతాలకు ముందు శిక్షణ కాలం. ఆ తర్వాత మొదటి వ్రతాలు, అవి కూడా గడువు పెట్టి తీసుకునేవే. కనీసం మూడేళ్లు అట్లా గడిచాకే శాశ్వత వ్రతాలు. నోవిషియేట్‌లో ఎప్పుడైనా, తర్వాత గడువు ముగిసినప్పుడు అమ్మాయి ఇంటికి వచ్చేయొచ్చు. శాశ్వత వ్రతాల తర్వాత కూడా అనుమతి అడిగి బయటికి వచ్చే దారి ఉంది.

పాపతో గొడవ పడకండి. ఆమె చేరాలనుకున్న మఠానికి మీరూ, మీ అక్కా ఒకసారి వెళ్లిరండి. పండుగ రోజు కాదు, మామూలు రోజు, పేషెంట్లు వరుసలో కూర్చునే వేళకు పోండి.