ఏసీ లేని గది, చిన్న కేసు: తిరుపతి ఎండలో 240 లిక్విడ్ కూలర్ పనికొస్తుందా?

మీ ప్రశ్న ఇదీ: కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 కేసు (చిన్న కంప్యూటర్ డబ్బా), రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్, బైరాగిపట్టెడలో ఏసీ లేని గది. ఇందులో 240 ఏఐఓ (కంపెనీయే నీళ్లు నింపి మూసి ఇచ్చే) లిక్విడ్ కూలర్ పడుతుందా, పడితే ఎండాకాలం తట్టుకుంటుందా? నేను కొర్లగుంటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుంటాను. నా దగ్గరున్నదీ ఇదే కేసు, ఇదే ప్రాసెసర్, పక్కన బిగించిన 240 కూలర్. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

పడుతుంది. అయితే బిగించే ముందు ఏసీ లేదన్న సంగతి గురించి ఆలోచించాలి. లిక్విడ్ కూలర్ చల్లదనం పుట్టించదు. ప్రాసెసర్ వేడిని నీళ్లతో రేడియేటర్ దాకా మోసుకెళ్లి, అక్కడ గది గాలికి వదిలేస్తుంది, అంతే. కాబట్టి ఆ నీళ్లు గది కంటే ఎప్పుడూ వేడిగానే ఉంటాయి. ఏసీ గదిలో 26 డిగ్రీల దగ్గర తీసిన యూట్యూబ్ రివ్యూ చూసి, మన మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో అదే ఫలితం రావాలంటే రాదు. గది 12 డిగ్రీలు పెరిగితే నీళ్లూ ఇంచుమించు అంతే పెరుగుతాయి. నాది నీళ్ల వేడిని చూపించే రకం. రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) సాగుతుండగా ఎండాకాలం మధ్యాహ్నాల్లో 50 దాటడం మామూలే. సాధారణంగా ఈ కూలర్లలో నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటకూడదు. అంటే మనకు మిగిలే వెసులుబాటు చాలా తక్కువ.

ఇక కొలతలు. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. 240 అంటే రెండు 120 ఫ్యాన్ల లెక్క మాత్రమే. రేడియేటర్ అసలు పొడవు 275 మి.మీ. పైచిలుకు ఉంటుంది, ఎందుకంటే రెండు చివర్లా నీళ్ల ట్యాంకులు ఉంటాయి. మందం 27, దానిమీద ఫ్యాన్ 25, మొత్తం 52 మి.మీ. ట్యూబులు బయటికొచ్చే చివర వంపుకు ఇంకాస్త చోటు కావాలి. ఆ ట్యూబు గ్యాస్ పొయ్యి పైపులాగా మెత్తగా వంగదు. బలవంతంగా వంచితే మడత పడి నీళ్ల దారి మూసుకుపోతుంది, లేదా స్ప్రింగులాగా తన్నుకొచ్చి సైడ్ ప్యానెల్‌ను పడనివ్వదు.

కొనకముందే ఒక పని చేయండి. పార్సిల్ అట్టపెట్టె కత్తిరించి 277 × 120 × 52 మి.మీ. దిమ్మె ఒకటి అతికించండి. మదర్‌బోర్డు, పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు బిగించి కేబుళ్లన్నీ పెట్టాక, పక్క బ్రాకెట్ దగ్గర ఆ దిమ్మె ఉంచి ప్యానెల్ మూసి చూడండి. నేను అలా చేసినప్పుడు అడ్డొచ్చింది గ్రాఫిక్స్ కార్డు కాదు, మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కేబుల్ కట్ట. పవర్ సప్లైతో వచ్చిన కేబుళ్లు పొడుగ్గా, బిరుసుగా ఉండి, మిగిలిన మడతంతా సరిగ్గా రేడియేటర్ చివర కుప్పపడింది. దాన్ని విప్పి, పవర్ సప్లై కింద ఖాళీలోకి మడిచి పట్టీ వేస్తే గానీ చోటు దొరకలేదు. ఎస్ఎఫ్ఎక్స్ (చిన్న సైజు) పవర్ సప్లైకి పొట్టి కేబుళ్లు దొరికితే వాటికి డబ్బు పెట్టండి. ఇక్కడి షాపుల్లో చిన్న బిల్డుల సామాను తక్కువ. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమో, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌కు వెళ్లడమో చేయాలి. వెళ్తే మాత్రం కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

నీళ్లను తిప్పే పంపు ఎక్కడుందో కూడా చూసుకోండి. లోపల కొంచెం గాలి ఎప్పుడూ ఉంటుంది, అది అన్నిటికంటే ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ చోటు పంపు అయితే గులగుల చప్పుడు వస్తుంది, పంపు ఆయుష్షూ తగ్గుతుంది. రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉంటే చాలు. పక్క బ్రాకెట్‌లో ఇది కుదురుతుంది. కేసు అడుగున రేడియేటర్ పెట్టడం మాత్రం వద్దు.

గాలి ఎటు వెళ్లాలన్నది నేను రెండు రకాలుగానూ పెట్టి చూశాను. రేడియేటర్ ఫ్యాన్లు లోపలి గాలిని బయటికి తోసేలా పెడితే, గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలే రేడియేటర్ గుండా పోతుంది. కార్డు, ప్రాసెసర్ రెండూ కలిసి పనిచేసే ఎడిటింగ్‌లో నీళ్లు త్వరగా కాగిపోయాయి. ఇప్పుడు పక్కనుంచి గది గాలిని లోపలికి లాగుతున్నాను. పైనున్న రెండు ఫ్యాన్లు, వెనక 92 మి.మీ. ఫ్యాన్ బయటికి తోస్తాయి. కార్డు కింది నుంచి గాలి తీసుకుంటుంది కాబట్టి దానికి పెద్దగా ఇబ్బంది లేదు. ఎన్‌ఆర్200పీ కొన్నవాళ్లు గాజు ప్యానెల్ తీసి, చిల్లుల ప్యానెల్ వేయాల్సిందే. లోపలికి లాగుతున్నాం కాబట్టి దుమ్ము కూడా వస్తుంది. రేణిగుంట రోడ్డు పక్క ఇల్లయితే మరీను. జాలీ ఫిల్టర్ తరచూ కడగండి, రేడియేటర్ రెక్కలకు బ్లోయర్ పట్టండి.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది మాత్రం పైసా ఖర్చు లేని పని. 7700ఎక్స్ 105 వాట్ల చిప్ అని రాసినా సాకెట్ నుంచి 142 వాట్ల దాకా లాగుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం సుమారు 70 చదరపు మిల్లీమీటర్ల ముక్కలో పుడుతుంది. అంత చిన్న చోటునుంచి వేడి పైకి రావడమే కష్టం, అందుకే ఎంత పెద్ద కూలర్ పెట్టినా బరువు పని పెడితే చిప్ వేడి 95 డిగ్రీల వైపు పరుగెడుతుంది. ఏఎండీ దాన్ని ఆ హద్దు దాకా నడిచేలానే చేసింది, కాబట్టి భయపడక్కర్లేదు. కానీ బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) ఎకో మోడ్ 65 వాట్లకు పెడితే లాగేది 88 వాట్లకు దిగుతుంది. నాకు రెండరింగ్ కాస్త నెమ్మదించింది, గేముల్లో తేడా తెలియలేదు. ఫ్యాన్ల మోత సగానికి పడిపోయింది. పంపును ఎప్పుడూ పూర్తి వేగంలో ఉంచండి. ఫ్యాన్లకు బయాస్‌లో స్టెప్ అప్ టైమ్ (వేగం పెరగడానికి పట్టే సమయం) పెంచండి, లేకపోతే బ్రౌజర్ తెరిచినా ఒక్కసారిగా అరుస్తాయి.

మీరు గేముల కోసమే అయితే నా మాట వినండి: ఎకో మోడ్ పెట్టి, 155 మి.మీ. లోపు ఎత్తున్న మంచి ఎయిర్ కూలర్ తీసుకోండి. ఈ కేసులో అంత ఎత్తు పడుతుంది. పంపు చెడిపోయే గొడవ ఉండదు, ఏళ్ల మీద ట్యూబుల్లోంచి నీళ్లు కొద్దికొద్దిగా ఆవిరయ్యే గొడవా ఉండదు. నాలాగా గంటల తరబడి రెండర్ పెట్టేవాళ్లయితే 240 తీసుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ పోసుకోవచ్చని ఎవరో చెప్పారన్నారు కదా, చాలా ఏఐఓలకు అసలు మూతే ఉండదు. విప్పితే వారంటీ పోతుంది. నింపుకునే మూత ఉన్నవాటికి కూడా కంపెనీ చెప్పిన ద్రవమే వాడాలి, ఎందుకంటే లోపల రాగి, అల్యూమినియం రెండూ ఉంటాయి, తుప్పు పట్టకుండా ఆపే మందు ఆ ద్రవంలోనే ఉంటుంది.

మీ గ్రాఫిక్స్ కార్డు మోడల్ రాయలేదు. వెడల్పు ఎక్కువున్న కార్డయితే పక్క ప్యానెల్ వైపుకు పొడుచుకొచ్చి రేడియేటర్ ట్యూబులకు తగులుతుంది. దాని వెడల్పు, మందం, పవర్ కనెక్టర్ ఎటువైపు ఉందో రాయండి, నా కేసు తెరిచి కొలిచి చెబుతాను.