క్లాసు వద్దన్నది ఎవరి కోసం?

ఉత్తరం: మేడమ్, మాది కాకినాడ. నాకు 32 ఏళ్లు. మూడేళ్లుగా తైవాన్‌లోని షిన్‌చూలో చిప్ డిజైన్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు మావారు హైదరాబాద్‌లో తన ఉద్యోగం మానేసి నాతో వచ్చారు. ఇక్కడ ఆయనకు పని దొరకలేదు, ఇంట్లోనే ఉంటున్నారు. మా ఆఫీసులో మీటింగ్ ఇంగ్లీషులో మొదలై ఐదు నిమిషాల్లో చైనీస్‌లోకి వెళ్లిపోతుంది. లైన్ అనే చాటింగ్ యాప్‌లో మా టీమ్ గ్రూపు మెసేజ్‌లన్నీ చైనీసే. మధ్యాహ్నం తిన్నాక లైట్లు ఆర్పేసి అందరూ నిద్రపోతారు, నేను చీకట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాను. సర్వర్ల మీద ఆకుపచ్చ చిప్స్ ప్యాకెట్లు పెడతారు, మెషిన్ బుద్ధిగా పనిచేస్తుందట. వాళ్ల ఏడో నెలలో ఆఫీసు బయట బల్లలు వేసి, ఆత్మలకని పళ్లు, బిస్కెట్లు పెట్టి అందరి చేతికీ అగరొత్తులిస్తారు. నేను తీసుకోలేదు. ఏడాది చివరి విందుకూ వెళ్లలేదు. ఈమధ్య మేనేజర్ నన్ను టీమ్ లీడ్ చేస్తానన్నారు. దానికోసం వారానికి రెండు సాయంత్రాలు చైనీస్ క్లాసుకు వెళ్లాలి, ఖర్చు కంపెనీదే. ఇంట్లో చెబితే మావారు ‘ఎలాగూ వెళ్లిపోయేవాళ్లం, ఆ భాషతో మనకేం పని’ అన్నారు. ఆరోగ్యం బాలేదని చెప్పి వద్దన్నాను. వీళ్లు బయటివాళ్లని కలుపుకోరు మేడమ్. మీటింగులు ఇంగ్లీషులోనే పెట్టమని హెచ్ఆర్‌కి రాయనా? వేరే కంపెనీ చూసుకోనా?
– ఒక సోదరి, షిన్‌చూ

జవాబు: అమ్మా, హెచ్ఆర్‌కి రాయకు. కంపెనీ మారినా ఇదే జరుగుతుంది. 2030 కల్లా దేశాన్ని రెండు భాషల దేశం చేస్తామని తైవాన్ ప్రభుత్వం 2018లోనే ప్రకటించింది. అయినా పని మీద పడిపోయిన పదిమంది తమలో తాము మాట్లాడుకునేటప్పుడు సొంత భాషే వస్తుంది. హైదరాబాద్ ఆఫీసుల్లో ఒక్క ఒడియా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మనవాళ్లు గంటసేపు తెలుగులో మాట్లాడుకోరా? అక్కడ ఉండాలంటే ఆ భాష రావాలి. నీ ప్రశ్నకు నా జవాబు అంతే.

మిగతావి చిన్నవి. మధ్యాహ్నం ఒక చిన్న దిండు తీసుకెళ్లి నువ్వూ పడుకో. బడిపిల్లల దగ్గర్నుంచీ వాళ్లకు అది అలవాటు. ఆయుధపూజ నాడు కంప్యూటర్‌కి బొట్టు పెట్టే మనకి చిప్స్ ప్యాకెట్ వింత కాకూడదు. అగరొత్తి సంగతంటావా, ఏడో నెలలో వాళ్లు పెట్టేది పెట్టేవాళ్లు లేక తిరిగే ఆత్మల కోసం. తర్పణాల్లో మన పెద్దలతో పాటు ఎవరూ లేనివాళ్లకి కూడా నీళ్లు వదులుతాం కదా. నీకు మనసొప్పితే పట్టుకో, ఒప్పకపోతే చేతులు జోడించి వాళ్ల పక్కన నిలబడు. లోపల కూర్చోవద్దు. ఏడాది చివరి విందుకి మాత్రం తప్పకుండా వెళ్లు. పై అధికారులు స్టేజి ఎక్కి పాటలు పాడి, లాటరీ తీసి బహుమతులిచ్చే రోజది. ఆ రోజు రానివాళ్లని మర్నాడు అందరూ ఎందుకు రాలేదని అడుగుతారు. శాకాహారం కావాలంటే ముందే చెబితే చాలు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయకుండా వండే బౌద్ధ వంట అక్కడ ఊరూరా ఉంది.

ఒక్కటి గమనించావా? కలుపుకోరని నువ్వు రాసిన ఉత్తరంలోనే వాళ్లు నిన్ను మూడుసార్లు పిలిచారు. చేతికి అగరొత్తి ఇచ్చారు, విందుకి రమ్మన్నారు, సొంత డబ్బుతో భాష నేర్పి లీడ్ చేస్తామన్నారు. మూడుసార్లూ కాదన్నది నువ్వే.

ఎందుకన్నావో కూడా రాశావు. ‘ఆరోగ్యం బాలేదని చెప్పి వద్దన్నాను.’ నీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన వాక్యం అది. నిక్షేపంగా ఉన్న మనిషివి, నీ పనిని మెచ్చుకున్న మేనేజర్‌తో అబద్ధం ఎందుకు ఆడాల్సి వచ్చింది? మీ ఆయన నీకోసం ఉద్యోగం వదులుకున్నారు కాబట్టి నువ్వు ఎదిగితే ఆయన మరింత తగ్గినట్టు కనిపిస్తారని నీ భయం. ఆ అప్పు తీర్చడానికి నువ్వే కుంచించుకుపోతున్నావు. దీనివల్ల ఆయనకు ఒక్క పూటైనా సుఖం దక్కిందా? నాకైతే కనిపించలేదు.

మీ ఆయన చేసింది చిన్న పని కాదు. భార్య ఉద్యోగం కోసం తన ఉద్యోగం వదిలి దేశం దాటే మగవాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది? నాకు ఆయన మీద గౌరవం ఉంది. ఊరినుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా ‘ఏం చేస్తున్నావురా’ అంటే ఏం చెప్పాలో తెలియక ఆయన ఎంత నలిగిపోతుంటారో ఊహించగలను. కానీ అమ్మా, మన ఆడపిల్లలు వేలమంది మంచి ఉద్యోగాలు మానేసి హెచ్‌4 వీసా మీద భర్తల వెంట అమెరికా వెళ్లారు. 2015లో వాళ్లలో కొందరికి పనిచేసుకునే వీలు దొరికేదాకా డిగ్రీలు పెట్టెలో పెట్టుకుని వంటింట్లో ఉన్నారు. భార్య ఖాళీగా ఉందని ఏ భర్త అయినా ప్రమోషన్ వద్దన్నాడా? వద్దనమని ఏ అత్తగారైనా చెప్పిందా? అక్కడ లేని నియమం నీ ఇంట్లోకి ఎలా వచ్చింది? త్యాగం చేసినవాళ్లని ప్రేమగా చూసుకోవాలి, మన బతుకుని మాత్రం వాళ్ల చేతిలో పెట్టేయకూడదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

‘ఎలాగూ వెళ్లిపోయేవాళ్లం’ అని మూడేళ్లుగా వింటున్నావు. ఎప్పుడు? ఏ ఊరికి? ఏ ఉద్యోగానికి? అడగలేదు కదూ. అడుగు. ఐదేళ్లు వరసగా ఉంటే, మిగతా షరతులు కుదిరితే అక్కడ శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నీకు ఇంకా రెండేళ్లుంది. ఉండడమా, రావడమా అన్నది ఈలోపు ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. తిరిగి వచ్చేసినా తైవాన్ కంపెనీలతో పని ఉన్న చోట చైనీస్ వచ్చిన ఇంజనీర్‌కి ఉండే విలువ నీకు నేను చెప్పాలా?

ఆయన్ని కూడా ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురా. షిన్‌చూలో రెండు పెద్ద యూనివర్సిటీలున్నాయి, విదేశీయులకి చైనీస్ నేర్పే తరగతులు వాకబు చేయండి. అక్కడి పిల్లలు మొదట దిద్దే ఉచ్చారణ గుర్తులు 37. మన అక్షరాలకంటే తక్కువే. ఆయనకు పగలంతా ఖాళీ కాబట్టి నీకంటే ముందే నేర్చేసుకోవచ్చు. సాయంత్రం చెత్తబండి బీథోవెన్ సంగీతం మోగించుకుంటూ వచ్చినప్పుడు వీధి జనమంతా సంచులు పట్టుకుని కిందికి దిగుతారు కదా. ఆ పని ఆయన్నే చేయమను. రోజూ నాలుగు మాటలు మాట్లాడే మనుషులు దొరికితే చాలు, ఆ ఊరి మీద ఆయనకున్న కోపం సగం తగ్గుతుంది. ఇప్పుడు ఆయనకు ఆ ఊరంటే నువ్వు అలిసిపోయి ఇంటికి తెచ్చే టెన్షనే. ఇక ముందు నీకు అక్కడ ఏదైనా నచ్చితే అదీ చెప్పు. ఫిర్యాదులే వినే మనిషి ‘వెళ్లిపోదాం’ అనక ఏమంటాడు?

ఈ మాట ఎత్తే సమయం చూసుకో. మీ అత్తగారు రాత్రి తొమ్మిదికి భోంచేసి ఫోన్ చేస్తే అక్కడ మీకు పదకొండున్నర. ఆ ఫోన్ పెట్టేశాక మాత్రం ఎత్తకు. శనివారం పొద్దున ఇద్దరూ బయటికెళ్లి కాఫీ తాగుతూ చెప్పు. ‘నేను క్లాసుకి వెళ్తాను’ అని చెప్పు. వెళ్లనా అని అడగొద్దు. ఆయన ముఖం మాడ్చుకుంటే రెండు రోజులు ఓపిక పట్టు, మాట మాత్రం వెనక్కి తీసుకోకు. జీతం పెరిగితే ఆ సంగతీ దాచకు.

సోమవారం మేనేజర్ దగ్గరికి వెళ్లు. ఆరోగ్యం కుదుటపడిందని ఇంకో అబద్ధం ఆడొద్దు. ‘ఇంట్లో ఇబ్బంది వల్ల వద్దన్నాను, ఇప్పుడు నేర్చుకుంటాను’ అని చెబితే చాలు. లీడ్ పని ఈలోపు వేరేవాళ్లకి ఇచ్చేసి ఉంటే బాధపడకుండా క్లాసు మాత్రం ఇమ్మని అడుగు. కంపెనీ ఇవ్వనంటే ఆ ఫీజు నీ జీతంలోంచి కట్టుకో.