భుజం మీద నిద్రపోతుంది, పక్క మీద వేస్తే లేస్తుంది

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. రాత్రి భుజాన వేసుకుని తిప్పితే గానీ కన్ను మూయదు. నిద్రపోయింది కదా అని పక్క మీద వేయగానే లేచి ఏడుపు. గంటన్నర ఇదే తంతు. ‘ఎత్తుకోకు, ఏడ్చి ఏడ్చి అదే పడుకుంటుంది’ అంటారు మావారు. నేను చూస్తూ ఊరుకోలేను. రోజూ ఇద్దరికీ గొడవే. దాన్ని నేనే చెడగొట్టానా?

జవాబు: మీరేం చెడగొట్టలేదమ్మా. అమ్మ కనిపించకపోతే బెంగపడటం సాధారణంగా ఈ నెలల్లోనే ఎక్కువవుతుంది. పగలు మీరు పక్క గదిలోకి వెళ్లినా పాప వెతుక్కుంటోందేమో గమనించండి.

పక్క మీద వేయగానే లేవడానికి కారణం ఉంది. నిద్ర పట్టిన కొత్తలో అది ఇంకా పలచగానే ఉంటుంది. తర్వాత కూడా రాత్రి మధ్యమధ్య మెలకువ రావడం అందరికీ ఉన్నదే. మనం అటు తిరిగి పడుకుంటాం. పాప నిద్రపోయింది మీ భుజం మీద, కళ్లు తెరిచింది పరుపు మీద. కంగారు పడదా మరి? అందుకే మార్చాల్సింది ఒక్కటే: నిద్రలోకి జారుకునే ఆ చివరి నిమిషాలు పక్క మీదే గడవాలి.

దానికి ముందు వేళ చూసుకోండి. ఈ వయసులో పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. సాయంత్రం కునుకు నుంచి లేచాక చాలామంది పిల్లలు మూడు గంటలకు కాస్త అటూ ఇటూగా అలిసిపోతారు. ఆవలింతలు, కళ్లు నులుముకోవడం, బొమ్మ చేతిలో ఉన్నా ఎటో చూస్తూ ఉండిపోవడం, ఇవి కనిపించగానే మొదలుపెట్టండి. ఆ అదను దాటితే నడుం వెనక్కి విరుచుకుని ఏడుస్తారు. ఇక ఎవరి తరమూ కాదు.

పాలు ముందే పట్టేయండి, తాగుతూ నిద్రపోకుండా. ఆ తర్వాత బట్టలు మార్చడం, లైటు తగ్గించడం, రోజూ అదే పాట. కళ్లు బరువెక్కుతుండగా, ఇంకా మెలకువ ఉండగానే పక్క మీద వేసి, చెయ్యి ఆనించి జోకొట్టండి. ఏడిస్తే ఎత్తుకోండి, ఊరుకోగానే మళ్లీ పడుకోబెట్టండి. మొదటి రెండు మూడు రాత్రులు ఇప్పటికంటే ఎక్కువ సేపే పట్టొచ్చు. అక్కడే చాలామంది వదిలేస్తారు. కొన్నాళ్లకు జోకొట్టడం కూడా తగ్గించి పక్కన ఊరికే కూర్చోండి.

మీవారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. కొద్దికొద్ది విరామాలతో వెళ్లి ఓదార్చే పద్ధతి, పక్కనే కూర్చుని క్రమంగా దూరం జరిగే పద్ధతి పాటించిన కుటుంబాలను ఆస్ట్రేలియాలో ఐదేళ్ల తర్వాత పరిశీలించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల్లో పిల్లలకు హాని ఏమీ కనిపించలేదు. అయితే అవి రెండూ ఓదార్పు ఉన్న పద్ధతులే. తలుపేసి వదిలేయడం వేరు. ఏ పద్ధతైనా ఇద్దరూ పగలే మాట్లాడుకుని తేల్చుకోండి, ఏడుస్తున్న పిల్ల ముందు కాదు. వారంలో కొన్ని రాత్రులు పడుకోబెట్టే పని ఆయనకే అప్పగించండి. పాలవాసన లేని చేతుల్లో కొందరు పిల్లలు త్వరగా సర్దుకుంటారు. గంటన్నర తిప్పడమంటే ఏమిటో ఆయనకూ తెలుస్తుంది!

ఏడాది నిండేదాకా పాపను వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టండి. దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు దగ్గర వద్దు. నిద్ర కోసమని జలుబు సిరప్‌లు అసలే వద్దు. గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపించినా, బరువు పెరగకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. పాప పడుకున్నాక కూడా మీకు నిద్ర పట్టకుండా టెన్షన్‌గా, ఏడుపొస్తున్నట్టుగా ఉంటే ఆ మాటా డాక్టరుతో చెప్పండి. ప్రసవమైన ఏడాదిలోపు అది చాలామందికి వచ్చేదే, దానికి చికిత్స ఉంది.