యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు, అయినా గుండె బలహీనం.. మందులు ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది ఆదోని. మా తమ్ముడికి 36 ఏళ్లు, పత్తి మార్కెట్‌లో హమాలీ. కొన్నాళ్ల కిందట మూట ఎత్తగానే ఆయాసం, రాత్రి పడుకుంటే దగ్గు, పాదాల వాపు మొదలయ్యాయి. ముందు గ్యాస్ అన్నారు. తర్వాత ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు. తగ్గకపోతే కర్నూలు తీసుకెళ్లాం. ఎకో (గుండె స్కాన్) తీసి డీసీఎం (గుండె గది సాగి బలహీనపడే జబ్బు), ఈఎఫ్ (గుండె రక్తాన్ని బయటికి నెట్టే శాతం) 25 అని రాశారు. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవన్నారు. ఆరు నెలలుగా మందులు వాడుతున్నాడు. ఇప్పుడు ఆయాసం లేదు, ఈఎఫ్ 45కి వచ్చింది. ‘బాగైంది కదా, ఇన్ని బిళ్లలు ఎందుకు’ అని ఆపేస్తానంటున్నాడు. బ్లాకులే లేనప్పుడు ఇది గుండె జబ్బు ఎట్లా అవుతుంది? మా నాన్న 44 ఏళ్లకే నిద్రలో చనిపోయాడు. దానికీ దీనికీ సంబంధం ఉందా? వాడు మళ్లీ మూటలు మోయొచ్చా?

జవాబు: అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ జవాబు మీ తమ్ముడికి చదివి వినిపించండి. మందులు మాత్రం ఆపనివ్వకండి. ఈఎఫ్ 25 నుంచి 45కి రావడం చాలా మంచి మార్పు. అది ఆ బిళ్లల వల్ల వచ్చిందే. ఈఎఫ్ పూర్తిగా మామూలు స్థాయికి చేరిన డీసీఎం రోగుల్లో కొందరికి మందులు క్రమంగా ఆపి చూసిన బ్రిటన్ అధ్యయనం ఒకటి 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆపినవాళ్లలో 44 శాతం మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. వాళ్లందరినీ డాక్టర్లు దగ్గరుండి కనిపెట్టుకుని ఉన్నారు. మీ తమ్ముడికి ఈఎఫ్ ఇంకా మామూలు స్థాయికి చేరనే లేదు.

ఇక బ్లాకుల సంగతి. గుండె జబ్బంటే రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడమేనని చాలామంది అనుకుంటారు. గుండె అంటే ప్రధానంగా ఒక కండరం. పైపులో ఎక్కడా అడ్డు లేకపోయినా మోటారు అరిగిపోతే బోరు నీళ్లు పొయ్యదు కదా, ఇదీ అంతే. యాంజియోగ్రామ్ చూపించేది రక్తనాళాలను. కండరం ఎంత గట్టిగా ముడుచుకుంటోందో ఎకోలో తెలుస్తుంది. గుండె కండరానికే వచ్చే ఈ జబ్బును కార్డియోమయోపతి అంటాం. పడుకుంటే దగ్గు రావడం, లేచి కూర్చుంటే తగ్గడం, దానితోపాటు పాదాల వాపు ఉంటే అది ఊపిరితిత్తుల జబ్బేనని సరిపెట్టుకోకూడదు. ఒక్క ఎకో తీస్తే చాలావరకు తేలిపోతుంది.

ఈఎఫ్ అంకె చూసి భయపడేవాళ్లు ఎక్కువ. 45 అంటే గుండె సగమే పనిచేస్తోందని కాదు. ఎడమ గదిలో నిండిన రక్తంలో గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎంత శాతం బయటికి వెళ్తోందో అది చెబుతుంది. ఆరోగ్యవంతుల్లోనూ 55 నుంచి 70 వరకే ఉంటుంది, ఎవరికీ 100 ఉండదు.

మీ తమ్ముడిది డైలేటెడ్ రకం, చీటీలో డీసీఎం అని రాసింది దీన్నే. ఎడమ గది సాగి, గోడ పల్చబడి, ముడుచుకునే బలం తగ్గుతుంది. వైరల్ జ్వరం తర్వాత రావచ్చు. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగేవాళ్లకు రావచ్చు. మీరు రాయలేదు గానీ, తాగుడు ఉంటే పూర్తిగా మానాలి, తగ్గిస్తే చాలదు. కొన్ని క్యాన్సర్ మందులు, థైరాయిడ్ తేడాలు కూడా కారణమవుతాయి. కాన్పుకు ముందు నెల నుంచి కాన్పయ్యాక అయిదు నెలల దాకా ఆడవాళ్లకు వచ్చే రకం ఒకటుంది. బాలింతకు ఆయాసం, వాపు వస్తే నీరసమని ఇంట్లో ఉంచేయడం నన్ను చాలా బాధపెడుతుంది. దయచేసి అలా ఉంచకండి.

రెండో ముఖ్యమైన రకం హైపర్‌ట్రోఫిక్. దీనిలో కండరం మందంగా, బిరుసుగా తయారవుతుంది. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. ఆడుతూ ఆడుతూ కుప్పకూలిన కుర్రాళ్లలో కొందరికి తర్వాత ఇదే బయటపడుతుంది. దీని వైద్యం వేరు. మందమైన కండరం రక్తం బయటికి పోయే దారికి అడ్డుపడే రకంలో నీరు తీసే బిళ్లలు, నాలుక కింద పెట్టుకునే బిళ్ల కొందరికి హాని చేస్తాయి. అందుకే ఒకరి గుండె మందులు ఇంకొకరికి ఇవ్వకూడదు. కండరం గట్టిపడి సరిగా సాగని రెస్ట్రిక్టివ్ రకం, లయ తప్పి కొట్టుకునే అరిత్మోజెనిక్ రకం అరుదు.

మీ నాన్నగారి మరణం గురించి మీరు రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పరీక్షలు లేవు కాబట్టి ఆయనకు ఇదే జబ్బు ఉందని నేను చెప్పలేను. కానీ వేరే కారణం దొరకని డీసీఎంలో సుమారు 20 నుంచి 35 శాతం వంశపారంపర్యమే. నలభైల్లో నిద్రలోనే పోయారంటే ఆ అనుమానం బలంగా పెట్టుకోవాలి. ఈ సంగతి కర్నూలులో చూస్తున్న డాక్టరుకు చెప్పారా? చెప్పకపోతే వచ్చేసారి తప్పక చెప్పండి. కొన్ని జన్యులోపాల్లో, ముఖ్యంగా లామిన్ అనే జన్యువు దెబ్బతిన్నప్పుడు, ఈఎఫ్ మరీ తక్కువ కాకపోయినా గుండె లయ ప్రమాదకరంగా తప్పుతుంది. సాధారణంగా మూడు నెలలు మందులు సరిగా వాడాక కూడా ఈఎఫ్ 35 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఐసీడీ అనే పరికరం (లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసేది, ఒంట్లో అమర్చుతారు) గురించి ఆలోచిస్తాం. మీ తమ్ముడు ఆ అంకె దాటాడు. అయినా ఇంట్లో ఇలాంటి మరణం ఉంది కనుక 24 గంటల హోల్టర్ (రోజంతా గుండె లయను నమోదు చేసే పరీక్ష), గుండె ఎమ్మారై, వీలైతే జన్యు పరీక్ష అవసరమేమో అడగండి.

మీకూ, మీ తోబుట్టువులకూ, మీ తమ్ముడి పిల్లలకూ ఈసీజీ, ఎకో తీయించండి. ఈ లోపాల్లో ఎక్కువ భాగం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా ఒక్కో బిడ్డకు సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తాయి. ఇప్పుడు ఎకో మామూలుగా వచ్చినంత మాత్రాన పని అయిపోదు, కొన్నేళ్లకోసారి మళ్లీ చూడాలి. మన సీమలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇంకో విషయం చెప్పాలి. గుండె కండరంలోని ఒక ప్రొటీన్‌కు సంబంధించిన జన్యులోపం భారతీయుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో ప్రకటించారు. అది ఉన్న అందరికీ జబ్బు రాదు, వచ్చినవాళ్లకూ ఎక్కువగా నడివయసు దాటాకే వస్తుంది. భార్యాభర్తలు ఒకే వంశం వాళ్లయితే మాత్రం బిడ్డకు రెండు వైపుల నుంచీ ఆ లోపం చేరే అవకాశం పెరుగుతుంది. అలా చేరితే జబ్బు చిన్న వయసులోనే, తీవ్రంగా రావచ్చు. ఇంట్లో మేనరికం అనుకుంటుంటే పెద్దలు ఈ ముక్క ముందే మాట్లాడుకోవాలి.

మందుల విషయానికి వద్దాం. ఈ జబ్బుకు నాలుగు రకాల మందులు ప్రాణం నిలబెడతాయి: బీటా బ్లాకర్, సాకుబిట్రిల్-వల్సార్టాన్ లేదా రామిప్రిల్ లాంటిది, స్పైరనోలాక్టోన్ లాంటిది, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. చివర చెప్పిన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ నిజానికి షుగర్ బిళ్లలు. షుగర్ లేనివాళ్ల గుండెకూ మేలు చేస్తాయని తేలింది. చీటీలో వాటి పేర్లు చూసి ‘నాకు షుగర్ లేదే’ అని మానేసేవాళ్లున్నారు. స్పైరనోలాక్టోన్ వల్ల కొందరు మగవాళ్లకు రొమ్ములు నొప్పి పెట్టి ఉబ్బుతాయి. సిగ్గుపడి చెప్పకుండా ఆ బిళ్ల తీసేస్తారు. చెబితే దాని బదులు ఎప్లెరినోన్ ఇస్తాం. క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షలు చెప్పిన గడువుకు చేయించాలి. ఖర్చు గురించైతే, వీటిలో చాలావాటికి జన ఔషధి దుకాణాల్లో జనరిక్ మందులు దొరుకుతాయి. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏవి వస్తాయో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి.

ఒళ్లు నొప్పులకు ఊళ్లో దొరికే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలూ సూదులూ ఇతనికి వద్దు, అవి ఒంట్లో నీరు నిలిపేస్తాయి. రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచాకు, అంటే 5 గ్రాములకు మించకూడదు. సంగటిలోకి ఊరిబిండి నంజుకునే ఇళ్లలో ఆ పచ్చడి, ఊరగాయల దగ్గరే ఆ లెక్క దాటిపోతుంది. రోజూ పొద్దున ఒంటేలు పోసుకున్నాక బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. మన ఎండాకాలంలో దీనికి తిరకాసు కూడా ఉంది. నీరు తీసే బిళ్ల వేసుకుంటూ చెమటతోనో వాంతులు, విరేచనాలతోనో ఒళ్లు ఎండిపోతే బీపీ పడిపోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి. అలాంటి రోజున ఏ బిళ్ల తగ్గించాలో డాక్టరునే అడగాలి, సొంతంగా వద్దు.

మూటల మాటకొస్తే, ఇప్పుడు వద్దనే అంటాను. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం సాగిన గుండెకు భారం. నడక మంచిది, మాట్లాడుతూ నడవగలిగే వేగంతో రోజూ నడవనివ్వండి. ఇల్లు గడవడం కష్టమని నాకు తెలుసు. మార్కెట్‌లోనే తూకం దగ్గరో, లెక్క రాసే చోటో పని దొరుకుతుందేమో మేస్త్రీతో మాట్లాడండి. అవసరమైతే డాక్టరు చేత కాగితం రాయించుకోండి. హోల్టర్ చూశాక, మరో ఎకో తీశాక ఎంత బరువు దాకా ఫరవాలేదో ఆ డాక్టరే చెబుతారు. ఈలోగా కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడి తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి.

- గుండె వైద్య నిపుణులు, కర్నూలు