గోదారి ఒక్కసారిగా రాదమ్మా

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గోదారి వరద మీద నువ్వు రాసి పంపిన ఇంగ్లీషు కథ చదివాను. ముసలమ్మ కోడిపిల్లల బుట్టని ఉట్టి మీద పెట్టి, ఇంటికి తాళం వేయకుండా వెళ్లిపోయే చోటు బాగుంది. మిగతాది చదువుతుంటే ఒళ్లు మండింది. మొదటి వాక్యంలోనే గోదావరి ‘సర్జ్’ అయింది, అంటే ఒక్కసారిగా ఉప్పొంగి మీదపడింది. రెండో పేరాలో జనం గట్టు మీదికి ‘సర్జ్’ అయ్యారు. ముసలమ్మ గుండెల్లో భయం ‘సర్జ్’, కొట్లో బియ్యం ధర ‘సర్జ్’, ఆఖరికి తాడు తెంపుకున్న దూడ కూడా ‘సర్జ్’! ఆ మాట చుట్టూ సున్నాలు చుట్టీ చుట్టీ విసుగొచ్చి పెన్సిలు పక్కన పడేశాను.

రాజమండ్రిలో పుట్టి పెరిగినదానివి, గోదారికి వరద ఎలా వస్తుందో నేను చెప్పాలా? భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అంటే వస్తోందని లంకల్లో వాళ్లకి ముందే తెలుసు. తెలిసి కూర్చోవడంలోనే ఉంది అసలు భయం.

1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులకి ఎక్కింది. మాది లంక ఊరు. నాన్న నీటి అంచున కందిపుల్ల పాతేవాడు. కాసేపాగి వెళ్తే పుల్ల నీళ్ల మధ్యలో ఉండేది. ఇంకో పుల్ల, ఇంకాస్త ఇంటివైపు. అమ్మ పొయ్యి దగ్గర్నించే అడిగేది, “ఎందాకా వచ్చింది?” అని. “చింతచెట్టు దాటింది.” మళ్లీ కాసేపటికి, “అరుగు కింద మెట్టుకి.” అంతే మాటలు. ఈ నీటికి ఇంగ్లీషులో ‘రోజ్’ చాలు, పెరిగింది అని. ఇంకా దగ్గరగా చూపించాలంటే ‘క్రెప్ట్’ అను, మెల్లగా పాకుతూ వచ్చింది అని. ఏటిగట్టుకి గండి పడితే అప్పుడు వేరే లెక్క. నీరంతా ఆ ఇరుకులోంచి తోసుకొస్తుంది. దాన్ని ‘గష్డ్’ అంటే ఎవరూ కాదనరు.

‘సర్జ్’కీ ఓ చోటుంది. 1977 నవంబరు 19న దివిసీమలో సముద్రమే లేచి ఊళ్ల మీద పడింది. వాతావరణ శాఖ ‘స్టార్మ్ సర్జ్’ అంటుంది, మనం ఉప్పెన అంటాం. ప్రభుత్వం లెక్కలోనే పది వేల మంది దాకా పోయారు. అలాంటి మాటని తెచ్చి కొట్లో బియ్యం రేటుకి తగిలిస్తావా?

ఈ జబ్బు నీకెక్కడ అంటుకుందో నాకు తెలుసు. కుర్రతనంలో నేనొక ఇంగ్లీషు పేపరు డెస్కులో పనిచేశాను. పేరెందుకులే. అక్కడి పెద్దాయనకి ఏ ధరా మామూలుగా పెరగకూడదు, ‘సోర్’ అవ్వాల్సిందే. గద్ద రెక్క ఆడించకుండా పైపైకి తేలిపోతుందే, అదీ ‘సోర్’. “కిలోకి పావలా పెరిగిన వంకాయ ఎక్కడికి ఎగురుతుందండీ, ‘రోజ్’ అందాం” అన్నాను. “రోజ్ తోటలో బాగుంటుందయ్యా, హెడ్డింగులో కాదు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నెలంతా నాకు నైట్ డ్యూటీ పడింది. ఆయన రిటైరైనా ఆ పద్ధతి రిటైరవలేదు. షేర్లు కాస్త కదిలితే ‘స్కైరాకెట్’. ధర పెరిగి అక్కడే కూర్చున్నా ‘స్పైక్’ అంటారు. చివ్వున లేచి మళ్లీ దిగితేనే కదా అది ‘స్పైక్’! జ్వరం చార్టు చూసిన నర్సుకి ఉన్నపాటి జ్ఞానం కూడా లేదు వీళ్లకి. ఆ రాతలు చదివి పెరిగారు మీరంతా. క్రియ ఎంత గట్టిగా అరిస్తే కథ అంత బాగున్నట్టని మీ నమ్మకం.

కదిలింది ఎవరు, ఎంతసేపట్లో, వెనక్కి వచ్చారా లేదా అని చూసుకుని అప్పుడు క్రియ పెట్టు. నీ కథలో జనం గట్టెక్కడానికి పరుగులు తీశారా? నెత్తిన మూట, చంకన పిల్ల, చేతిలో మేక తాడు. బురదలో అడుగు తీసి అడుగు వెయ్యడమే గగనం. వాళ్లని ‘ట్రడ్జ్’ చెయ్యనీ. దూడ బెదిరి తాడు తెంపుకుంది కాబట్టి దానికి ‘బోల్టెడ్’ పెట్టు, అది అచ్చంగా అందుకే ఉంది. ముసలమ్మ భయం వాక్యం కొట్టెయ్. ఆ ఉట్టి చూశాక భయం సంగతి వేరే చెప్పక్కర్లేదు. బియ్యం ధర ఎంత నుంచి ఎంతకి పోయిందో అంకె వెయ్యి, ఏ క్రియా అవసరం ఉండదు.

ఢిల్లీ ఏజెంటు గురించి, కలం పేరు గురించి ఏదో అడిగావు. ముందు కథ తిరగరాయి. ఈసారి ఫోన్లో పంపకు, కళ్లు లాగుతున్నాయి. ప్రింటు తీసి పోస్టులో వెయ్యి, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు.

ఇట్లు,
మీ మాస్టారు