ఇంట్లోకి శబ్దం రాకుండా చేసుకోవడానికి సబ్సిడీ ఉందా?

ప్రశ్న: మాది భోగాపురం మండలంలో జాతీయ రహదారికి ఆనుకుని ఉన్న ఊరు. రాత్రంతా లారీల రొద, దానికి విమానాల శబ్దం కూడా తోడైతే ఎలాగా అని భయంగా ఉంది. విమానాశ్రయం చుట్టుపక్కల ఇళ్లకు కిటికీలు మార్చుకోవడానికి కేంద్రం సబ్సిడీ ఇస్తుందని, దరఖాస్తు ఖర్చులకు ముందుగా సొమ్ము కట్టాలని ఒక మధ్యవర్తి ఇంటింటికీ తిరిగి చెబుతున్నాడు. మా అత్తగారు గుండె జబ్బు మనిషి, నిద్ర లేక నలిగిపోతున్నారు. ఆ పథకం నిజమేనా?
- ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ఆ మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇళ్లకు శబ్దాన్ని ఆపే కిటికీలు, తలుపులు పెట్టించుకోవడానికి సొమ్మిచ్చే పథకం కేంద్రానిదీ లేదు, రాష్ట్రానిదీ లేదు. మీ వీధిలో ఇప్పటికే ఎవరైనా కట్టి ఉంటే రసీదుతో సహా పోలీసులకు ఫిర్యాదు చేయమనండి.

ఇతర దేశాల్లో మాత్రం ఈ సాయం ఎన్నో ఏళ్లుగా అందుతోంది. జపాన్ 1967లోనే విమానాల శబ్దం బాధితుల కోసం చట్టం చేసింది. బ్రిటన్‌లో 1975 నాటి నిబంధనల ప్రకారం కొత్తగా వేసిన రోడ్డు వల్ల శబ్దం హద్దు దాటితే దగ్గరలోని ఇళ్లకు రక్షణ ఏర్పాట్లు చేయాలి. ఫ్రాన్సులో పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఇళ్లకయ్యే ఈ ఖర్చుకు విమానయాన సంస్థల నుంచి వసూలు చేసే శబ్ద పన్నును వాడతారు. శబ్దం చేసేవారే దాన్ని ఆపే ఖర్చు భరించాలన్న ఈ న్యాయం మన చట్టాల్లోకి కూడా రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

సబ్సిడీ లేకపోయినా మీకు హక్కులు లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలమానం), రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్‌కు మించకూడదు. విమానాశ్రయాల పరిసరాలకు 2018లో వేరే హద్దులు పెట్టారు. ఏడాదికి 50 వేలకు పైగా విమాన రాకపోకలుండే చోట పగలు 70, రాత్రి 65, మిగిలిన చోట్ల 65, 60. ఇవి చాలా ఉదారమైన హద్దులని చెప్పక తప్పదు, ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రివేళ విమానాల శబ్దం 40 దాటకూడదని చెప్పింది.

అందువల్ల ఊరంతా కలిసి చేయవలసిన పని ఒకటుంది. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఆ అనుమతిలోని షరతులను ఎంతవరకు పాటించిందో ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ చెబుతోంది, ఆ నివేదికలు ప్రజలు చూడదగిన పత్రాలే. శబ్దం ఎక్కడెక్కడ కొలిచారో, ఎంత వచ్చిందో అందులో వెతకండి, కనబడకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మీ ఊళ్లో రాత్రిపూట కొలతలు తీయాలని పంచాయతీ తీర్మానంతో కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరు గారికి అర్జీ పెట్టండి. రేపు నష్టపరిహారం అడగవలసి వచ్చినా, రోడ్డు పక్కన శబ్దాన్ని అడ్డుకునే గోడ కట్టమని అడగవలసి వచ్చినా, కాగితం మీద కొలత లేకుండా ఏ అధికారీ కదలరు.

ఇక ఇంటి సంగతి. ఇల్లంతా ఒకేసారి మార్చనక్కరలేదు, మీ అత్తగారు పడుకునే గదితో మొదలుపెట్టండి. సిమెంటు పూసిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ 50 డెసిబెల్స్ దగ్గర దగ్గరగా ఆపుతుంది, మామూలు పలుచని అద్దం 30 కూడా ఆపలేదు. అంటే శబ్దం వచ్చేది కిటికీలోంచి, తలుపు కిందనుంచి, వెంటిలేటర్లోంచి. నీటి తొట్టికి చిన్న చిల్లున్నా నీరు నిలవనట్లే, గోడలో నూరో వంతు ఖాళీ ఉన్నా అది ఎంత మందంగా ఉండి ఏం లాభం? మొత్తం మీద 20 డెసిబెల్స్ ఆగడమే కష్టం. కాబట్టి ముందు ద్వారబంధాల చుట్టూ రబ్బరు పట్టీలు, తలుపు కింద పట్టీ వేయించి, పగుళ్లు పూడ్పించండి, ఖర్చు తక్కువ. తరువాత జరిపే కిటికీ తీసేసి, రెక్కలు బిగువుగా మూసుకునే కిటికీకి లామినేటెడ్ అద్దం (రెండు అద్దాల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఉండేది) పెట్టించండి. శబ్దం పది డెసిబెల్స్ తగ్గితే చెవికి సగమైనట్టు తోస్తుంది. గోడలకు థర్మోకోల్, స్పాంజి అంటించమని చెప్పేవారి మాట వినవద్దు, అవి గదిలోని ప్రతిధ్వనిని తగ్గించగలవేమో గానీ బయటి శబ్దాన్ని ఆపవు. మీది రేకుల ఇల్లయితే విమానాల శబ్దం పైనుంచే దిగుతుంది గనుక కిటికీ కంటే పైకప్పు సంగతి ముందు చూడాలి. కిటికీలు మూస్తే మన ఎండాకాలంలో గాలి ఎలాగన్నది న్యాయమైన ప్రశ్నే. రోడ్డు వైపు కిటికీ మూసి, పెరటి వైపుది తెరిచి ఉంచడం చవకైన మార్గం.

ప్రభుత్వం నుంచి దొరికే కొద్దిపాటి వెసులుబాటు పన్నులోనే ఉంది. ఇంటి మరమ్మతుకు బ్యాంకు రుణం తీసుకుని పాత పన్ను విధానంలో ఉన్నవారు, తాము ఉంటున్న ఇంటికి ఏటా 30 వేల వరకు వడ్డీని మినహాయించుకోవచ్చు.

ప్రశ్న: రణస్థలం దగ్గర హైవే పక్క స్థలంలో ఇల్లు కట్టబోతున్నాం. చెట్లు పెంచితే శబ్దం ఆగుతుందా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఒకటి రెండు వరసల చెట్లతో శబ్దం తగ్గదు, నీడకూ దుమ్ముకూ పెంచండి. రోడ్డుకు దూరం రెట్టింపు చేసినా తగ్గేది మూడు డెసిబెల్సే. దానికంటే పడకగదులు వెనక్కి, వంటిల్లు, మెట్లు, స్నానాల గది రోడ్డు వైపుకు వచ్చేలా ప్లాను గీయించండి. ఖాళీలు లేని ప్రహరీ లారీని కళ్లకు కనబడనంత ఎత్తుంటే కింది అంతస్తుకు ఐదు డెసిబెల్స్ వరకు మేలు చేస్తుంది, మేడ మీదికి మాత్రం ఆ మేలు అందదు. మీ ఇంజనీరును భవన నిర్మాణ ప్రమాణాల గ్రంథమైన నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో శబ్ద నియంత్రణపై ఉన్న విభాగం చూసి, కిటికీల కొలతలు పునాదికి ముందే నిర్ణయించమనండి.