ఆవిరి ఇంజను రైలు: ఎక్కి చూడాలా, వెంట వెళ్ళి చూడాలా?

పునరుద్ధరించిన ఆవిరి ఇంజను లాగే విహారయాత్ర రైలు చూడాలంటే విశాఖపట్నం నుంచి ఎక్కడికి వెళ్ళాలి, అందులో కూర్చోవడం మేలా లేక రోడ్డు మీద వెంట వెళ్ళి చూడటం మేలా, డెబ్బై దాటిన నాన్నగారిని తీసుకువెళ్ళవచ్చా అని మీరు అడిగారు. కొన్నేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా నేను ఈ రెండు పనులూ చేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: పెట్టెలో కూర్చున్నవారికి ఇంజను వినిపించినంతగా కనిపించదు. అందుచేత ఒకే దారిలో ఒక పూట రైలెక్కి, మరో పూట దాని వెంట వెళితేనే ఆ యంత్రం ఏ శ్రమ పడి ఎలా నడుస్తుందో తెలిసివస్తుంది. అయితే ఈ రెండూ సులువుగా కుదిరే దారులు మన దేశంలో బహు తక్కువ.

ముందు మన ఊరి సంగతి. విశాఖ చుట్టుపక్కల ఇప్పుడు ఆవిరి ఇంజనుతో నడిచే విహార రైలేదీ లేదు. అరకు రైలుకు అద్దాల పెట్టెలు వచ్చినప్పటి నుంచి, దానికి పాత బొగ్గు ఇంజను కూడా తగిలిస్తే ఎంత బాగుంటుందోనని అనేవారు నాకు తరచుగా తారసపడుతుంటారు. కానీ అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ మార్గం అరవై అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే కొండదారి. అందులో వరుసగా సొరంగాలు. నిండుగా ప్రయాణికులున్న రైలును బొగ్గు ఇంజను ఆ ఎక్కుడులో లాగుతుంటే సొరంగంలో చేరే పొగకు పెట్టెల్లోని వారి మాట అలా ఉంచి, ఇంజను మీద నిలబడిన డ్రైవరుకూ, బొగ్గు వేసి మంట చూసుకునే ఫైర్‌మన్‌కూ ఊపిరాడదు. నిజానికి ఈ ప్రాంతంలో అలాంటి యాత్రకు తగిన దారి నౌపడ–గుణుపురం చిన్న రైలు మార్గమే. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలైన ఆ రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య ఎడం) మార్గాన్ని బ్రాడ్‌గేజికి మార్చడం కోసం 2004లో మూసివేశారు. చదునైన పొలాల మధ్య, పక్కనే ఊళ్ళతో ఉన్న ఆ దారిలో కొంత భాగమైనా అలాగే ఉంచవలసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక బయటి ఊళ్ళ విషయానికి వస్తే, ఒక జాగ్రత్త చెప్పాలి. ‘హెరిటేజ్ రైలు’ అని ప్రకటన కనబడగానే టిక్కెట్టు కొనకండి. గుజరాత్‌లో అహ్మదాబాద్–ఏక్తానగర్ మధ్య 2023లో ప్రారంభించిన రైలుకు ముందు కనిపించేది ఆవిరి ఇంజను రూపం తొడిగిన కరెంటు ఇంజను. పెట్టెలు ముచ్చటగా ఉంటాయి, కాని మీరు వెతుకుతున్నది అది కాదు.

పెద్ద ఇంజన్లు చూడాలనుకుంటే హర్యానాలోని రేవాడీ షెడ్డుకు వెళ్ళాలి. ఢిల్లీ దాకా మనకు నేరుగా రైళ్ళున్నాయి, అక్కడి నుంచి రేవాడీ సుమారు ఎనభై కిలోమీటర్లు. 1893 నాటి ఆ షెడ్డులో తూటా ఆకారపు ముక్కున్న డబ్ల్యూపీ తరగతి ఇంజన్లను ఇప్పటికీ నడిచే స్థితిలో ఉంచుతున్నారు. ఒకప్పుడు మన మెయిళ్ళనూ ఎక్స్‌ప్రెస్‌లనూ లాగినవి అవే. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారై, 1909లో పని మానేసి, చెన్నైలోని పెరంబూరులో బాగుచేయగా 1997లో మళ్ళీ పట్టాలెక్కిన ఫెయిరీ క్వీన్ అనే ఇంజను కూడా ఈ షెడ్డు సంరక్షణలోనిదే. దాని పొట్ట కింది తొట్టెలో పట్టేది మూడు వేల లీటర్ల నీళ్ళు, గరిష్ఠ వేగం గంటకు నలభై కిలోమీటర్లు. ఒకే ఒక పెట్టెను లాగుతుంది. అది నడిచేది చలికాలంలో, ముందుగా ప్రకటించిన కొద్ది తేదీల్లో మాత్రమే. చివరి నిమిషంలో మరో ఇంజను తగిలించినా ఆశ్చర్యపోనక్కరలేదు, ఎందుకంటే అంత పాత బాయిలరును పరీక్షల్లో నెగ్గించి నడపడం ప్రతిసారీ ఒక పరీక్షే. నా మట్టుకు నాకు రేవాడీలో రైలెక్కడం కన్నా, షెడ్డులో ఇంజనుకు నిప్పు వేయడం చూడటమే ఎక్కువ నచ్చింది. చల్లారిన బాయిలరును ఆవిరి పట్టేదాకా వేడిచేయడానికి గంటల సమయం పడుతుంది. తొందరపడి మంట పెంచితే లోహం ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా వ్యాకోచించి అతుకులు కారతాయి. ఆ నిదానం తెలిసిన మనుషులు అక్కడ ఇంకా ఉన్నారు.

ఎక్కడానికి అన్నిటికన్నా గొప్పది నీలగిరి రైలు. చెన్నై వెళ్ళి, రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మేట్టుపాళయంలో దిగుతారు. అక్కడే ఊటీ రైలు సిద్ధంగా ఉంటుంది. చాలామంది ఊటీలో ఎక్కి కూనూరులో దిగి, ఆవిరి రైలెక్కామని తిరిగివస్తారు. ఆ ముక్కను లాగేది డీజిల్ ఇంజను. ఆవిరి ఇంజను పనిచేసేది మేట్టుపాళయం–కూనూరు మధ్యనే. కల్లార్ స్టేషను దాటాక పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు చొప్పున కొండెక్కాలి కనుక, పట్టాల మధ్య పళ్ళ కడ్డీ వేశారు. ఇంజను కింద ఉన్న పళ్ళ చక్రం దాన్ని పట్టుకుని పైకి పోతుంది. ఎక్స్ తరగతి అనే ఈ ఇంజన్లకు నాలుగు సిలిండర్లు, అంటే ఆవిరి ఒత్తిడితో చక్రాలను తిప్పే గొట్టాలు. చదునులో కింది రెండే పనిచేస్తాయి. పళ్ళ కడ్డీ మొదలవగానే, కింది సిలిండర్లు వాడి వదిలిన ఆవిరినే పై రెండింటికి పంపి, వాటితో పళ్ళ చక్రాన్ని తిప్పుతారు. కళ్ళు మూసుకుని కూర్చున్నా ఆ మార్పు చెవికి తెలుస్తుంది. అంతవరకు ఒకే తాళంలో సాగిన ఇంజను అక్కడి నుంచి గొంతు మార్చి బరువుగా మూలగడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఇంజను ముందుండి లాగదు, వెనుక నుంచి నెడుతుంది. కాబట్టి దారి చూడాలంటే మొదటి పెట్టెలో, ఇంజను వినాలంటే చివరి పెట్టెలో కూర్చోవాలి. నేనైతే చివరి పెట్టెనే కోరుకుంటాను. దారిలోని హిల్‌గ్రోవ్ స్టేషనులో నీళ్ళు పట్టడానికి ఆగినప్పుడు దిగి, కడ్డీలనూ సిలిండర్లనూ దగ్గరగా చూడవచ్చు. వెంబడించడానికి మాత్రం ఈ దారి అనుకూలం కాదు. కల్లార్ తరువాత పట్టాలు అడవిలోకి పోతాయి, రోడ్డు తన మలుపుల్లో తాను పోతుంది. ఏనుగులు తిరిగే ఆ అడవిలో కాలినడకన పట్టాల వెంట పోవాలన్న ఆలోచన పెట్టుకోవద్దు. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొండచరియలు విరిగిపడి సర్వీసు ఆగిపోవడం మామూలే కనుక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా టిక్కెట్టు చేతిలో ఉన్నా మరో దారి ఆలోచించుకుని బయలుదేరాలి.

వెంబడించడానికి డార్జిలింగ్‌ను మించినది లేదు. హౌరా వెళ్ళి, అక్కడి నుంచి న్యూ జల్‌పాయ్‌గురికి రైలెక్కితే చాలు. కేవలం రెండడుగుల గేజిపై 1881 నుంచి నడుస్తున్న ఈ రైలు హిల్ కార్ట్ రోడ్డునే అంటిపెట్టుకుని పోతుంది, దాన్ని అటూ ఇటూ మాటిమాటికీ దాటుతుంది, ఎక్కడా తొందరపడదు. టాక్సీ మాట్లాడుకుంటే డ్రైవరుకు చెప్పవలసింది ఒక్కటే: రైలును దాటి కొంత ముందుకు పోయి ఆగాలి, అది వచ్చి వెళ్ళాక మళ్ళీ దాటాలి. డార్జిలింగ్ నుంచి ఘుమ్ స్టేషను దాకా వెళ్ళివచ్చే రెండు గంటల జాయ్ రైడ్‌ను ఉదయం ఎక్కి, మధ్యాహ్నం నడిచే మరో రైలు వెంట రోడ్డు మీద వెళ్ళడం నేను సూచించే పద్ధతి. టిక్కెట్టు తీసుకునేటప్పుడు అది ఆవిరి రైలా, డీజిల్ రైలా అని తప్పకుండా చూసుకోండి. రెండూ నడుస్తాయి, ధరలూ వేరు. బీ తరగతి అనే ఇక్కడి ఆవిరి ఇంజను ముందు భాగంలో ఒక మనిషి కూర్చుని, పట్టాలు తడిసి చక్రాలు జారే చోట చేత్తో ఇసుక చల్లడం రోడ్డు మీదివారికే కనిపిస్తుంది. పెట్టెలో ఉన్నవారికి కనిపించేది కిటికీలోంచి లోపలికి వచ్చే మసి. కళ్ళజోడు పెట్టుకోండి, తెల్ల చొక్కా వేసుకోకండి.

ఫొటోల విషయంలో మన విశాఖవాసులు గమనించవలసింది ఒకటుంది. ఆవిరి నిజానికి కంటికి కనిపించదు. గాలి తగిలి చల్లబడి, సన్నని నీటి బిందువులుగా మారినప్పుడే తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి చలి ఉదయం వేళల్లో ఆ తెల్లని తెర దట్టంగా, పొడవుగా వస్తుంది, మిట్టమధ్యాహ్నం పలచబడిపోతుంది. నల్లని పొగను మాత్రం గొప్పగా భావించనక్కరలేదు. బొగ్గు పూర్తిగా మండడం లేదనడానికి అది గుర్తు, మంచి ఫైర్‌మన్ దాన్ని వీలైనంత తగ్గిస్తాడు. ఏ దారిలోనైనా పట్టాల మీదికి దిగడం రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. రేవాడీ వైపు పట్టాల పైన ఇరవై అయిదు వేల వోల్టుల తీగలు ఉంటాయి కనుక, ఎత్తు కోసం దేని మీదికీ ఎక్కకూడదు.

నాన్నగారి విషయం. నీలగిరి రైలులో మేట్టుపాళయం నుంచి ఊటీకి అయిదు గంటల దాకా పడుతుంది. సీట్లు ఇరుకు, కాళ్ళు చాపుకునే వీలుండదు. మోకాళ్ళ నొప్పులుంటే ఆయనను కూనూరులోనే దింపి, మిగిలిన దారి కారులో తీసుకువెళ్ళండి, ఎలాగూ ఆవిరి ఇంజను అక్కడితో విడిపోతుంది. డార్జిలింగ్‌లో రైలు ప్రయాణం తక్కువే కాని, ఘుమ్ 2,258 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టాన ఉండే మనకు అక్కడి మెట్లెక్కడం ఆయాసం తెప్పిస్తుంది కనుక, గుండె జబ్బులాంటిదేమైనా ఉంటే ముందు వైద్యుణ్ణి అడగండి. చేరిన రోజు విశ్రాంతి తీసుకుని, రైలు టిక్కెట్టును మరుసటి రోజుకు పెట్టుకోండి.